పాత టేకు పెంకుటిల్లు మరమ్మతు: కంబం కాలు నుంచి వెన్నుగాడి దాకా

తెలంగాణలో పరకాల, ములుగు, నర్సంపేట, మంథని వైపు పాత ఊళ్లలో భవంతి ఇళ్లు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. నడుమ ఆకాశం కనిపించే భవంతి, దాని చుట్టూ రాతి దిమ్మెల మీద టేకు కంబాలు (స్తంభాలు), కంబాల తలకు దూలాన్ని మోసే బోదికలు, వాటి మీద దూలాలు, వెనక మందపాటి మట్టిగోడ, పైన గూన (అరగొట్టం ఆకారపు నాటు పెంకు). తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోకో, కెరమెరి, ఉట్నూరు గుట్టల్లోకో పోతే కట్టుబడి మారుతుంది. అక్కడ గుంజలను భూమిలోనే పాతుతారు. గోడ కంక (వెదురు) తడిక, దాని మీద మట్టీ పేడా కలిపిన పూత. రెండు రకాల ఇళ్లకూ జబ్బు మాత్రం ఒకటే: తడిసిన కట్టె ఆరే దారి మూసుకుపోవడం.

టేకు చేవ (లోపలి గట్టి కట్టె) వానకు తడిసినా, గాలి తగిలి ఆరిపోతుంటే తరాల తరబడి నిలుస్తుంది. అదే కంబం కాలికి సిమెంటు దిమ్మె కడితే లోపలికి చేరిన తేమ బయటికి రాలేక కొన్నేళ్లకే పొట్టు రాలుతుంది. ఒరిగిపోయిన ఇంటిని విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది ఇదే: ఎప్పుడో గట్టితనం కోసమని వేసిన సిమెంటు, దాని వెనక మెత్తబడ్డ కట్టె. అందుకే మరమ్మతు మొత్తం మూడు లెక్కల మీద నడవాలి. నీళ్లు రాకుండా చూడాలి, వచ్చిన నీళ్లకు పోయే దారి ఉండాలి, పాడైనంత మేరకే కోసి అదే తీరు కట్టె అతకాలి.

వానలో చూడాలి, చలికాలంలో పని పట్టాలి

ఎండాకాలంలో ఇల్లు చూసి మరమ్మతు లెక్క వేస్తే సగం తప్పుతుంది. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు టార్చి, చాక్‌పీసు పట్టుకుని లోపల తిరగండి. చుక్క పడే చోట కాదు, తడి మొదలయ్యే చోట గుర్తు పెట్టాలి. నీళ్లు వాసం పొడవునా జారి రెండు మూడు అడుగుల కిందికి వచ్చాక చుక్క రాలుతుంది కాబట్టి పగిలిన గూన ఎప్పుడూ చుక్కకు పైవైపే ఉంటుంది. భవంతిలో పడ్డ నీళ్లు మోరీలోకి ఎంత తొందరగా పోతున్నాయో కూడా అప్పుడే చూడాలి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పాతకాలపు సన్న మోరీ అలాంటి వాన లెక్కకు కట్టింది కాదు.

ఇప్పుడు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోసుకుంటూ పోతే వీధి ఎత్తు పెరిగి, కడప (గడప) కిందికి పోతుంది. వీధి నీళ్లు అరుగు కిందికి చేరి గోడ పాదం ఎప్పుడూ పచ్చిగానే ఉంటుంది. అలాంటి చోట మిగతా పనులకన్నా ముందు గోడ పక్కన అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వి, కంకర నింపి, దాని వాలు ఊరి మోరీ వైపు పెట్టాలి. వాలు అడుగుకు కనీసం పావు అంగుళం. పునాది మట్టం కన్నా లోతుకు మాత్రం తవ్వొద్దు, మట్టిగోడ కాలు జారుతుంది.

జాకీ పెట్టే పనులు, కట్టె అతికే పనులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు ముగించాలి. వానాకాలంలో కట్టె ఉబ్బి ఉంటుంది, అప్పుడు బిగించిన అతుకు ఎండల్లో వదులవుతుంది. కప్పు విప్పే పని మార్చి, ఏప్రిల్‌లలో పెట్టుకుని, రోహిణి కార్తె దాటకుండా మళ్లీ కప్పేయాలి. మిరుగం (మృగశిర కార్తె) నాటికి కప్పు తెరిచి ఉందంటే ఆ ఏడు గోడ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కట్టెను పరీక్షించడం

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. చిన్న సుత్తె, మంచి దబ్బనం, తూకం గుండు, నైలాన్ దారం, టేపు చాలు. సుత్తెతో కొడితే గట్టి కట్టె కంగుమంటుంది, లోపల తిన్న కట్టె డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట దబ్బనం గుచ్చండి. చేత్తో నొక్కితేనే పావు అంగుళం దిగితే అక్కడ కట్టె పోయినట్టే. దబ్బనం మొనతో కొంచెం పైకి పెకిలించినప్పుడు పొడుగు ఈనె (కట్టె నార) లేస్తే కట్టె బాగుంది, చిన్న ముక్కలుగా పుటుక్కున విరిగితే కుళ్లింది.

ముందు చూడాల్సినవి: కంబం కింది అడుగు, దూలం గోడలో దూరిన కొస, భవంతి నాలుగు లోమూలల్లో ఉండే మూలవాసాలు, చూరు దగ్గర వాసం కొసలు, దర్వాజ కడప రెండు చివరలు. ఈ చోట్ల బాగుంటే ఇంటి నడిమి కట్టె దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

పగుళ్లను చూసి భయపడే వాళ్లు చాలామంది. ఈనె పొడవునా నిలువుగా విచ్చుకున్న పగులు కట్టె ఆరినప్పుడు వచ్చింది, దాని వల్ల ప్రమాదం తక్కువ. దాంట్లో సిమెంటో, పుట్టీనో కూరొద్దు. ఈనెకు అడ్డంగా వచ్చిన పగులు, ముఖ్యంగా దూలం అడుగున నడుమ భాగంలో కనిపించేది, అసలైన ప్రమాదం. ఆ రోజే కింద పోటీ (ఆసరా కర్ర) నిలబెట్టాలి. దూలం కుంగిందా అని చూడటానికి రెండు చివరలకూ దారం బిగువుగా కట్టి నడుమ ఎడం కొలవండి. 12 అడుగుల దూలానికి అంగుళం లోపు కుంగి, ఏడాది తర్వాత కొలిచినా అంతే ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పాత దూలం తన వంపులో తాను కుదురుకుని ఉంటుంది, దాన్ని బలవంతంగా సరిచేస్తే పై గోడ పగులుతుంది.

ఏదైనా విప్పే ముందు ప్రతి కట్టెకూ ఒక అంకె ఇవ్వాలి. తూర్పు వరుస కంబాలకు తూ-1, తూ-2, దక్షిణానికి ద-1, ఇలాగన్నమాట. చాక్‌పీసు చెరిగిపోతుంది కాబట్టి అల్యూమినియం రేకు ముక్క మీద గీసి తీగతో కట్టండి. ప్రతి అతుకునూ విప్పక ముందు, విప్పుతుండగా, విప్పాక ఫొటో తీయండి. ఇది చాదస్తం కాదు. పాత వడ్రంగి ప్రతి కుసినీ (బెజ్జంలో దూరే కొసను) దాని బెజ్జానికే చెక్కాడు. తూ-2 తలను తూ-3 బోదికలో పెడితే ఎంత కొట్టినా కూర్చోదు, కూర్చోబెట్టాలని చెక్కితే రెండూ చెడతాయి.

కంబం కాలు మార్చడం

ఈ ఇళ్లలో అందరికీ ఎక్కువగా పడే పని ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. కింది అడుగు కుళ్లిందని మొత్తం కంబాన్ని పారేసి సిమెంటు పిల్లర్ పోయించేస్తుంటారు. పై ఏడడుగులు గట్టిగా ఉన్నప్పుడు కాలు మాత్రం మారిస్తే చాలు.

మొదట బరువు తగ్గించండి. ఆ కంబానికి అటూ ఇటూ ఆరడుగుల మేర గూన దించి పక్కన పెట్టండి. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు, 12 అడుగుల పొడవున్న టేకు దూలం ఒక్కటే దాదాపు 120 కిలోలు ఉంటుంది. దాని మీద కప్పు బరువు వేరు. కంబానికి రెండు వైపులా అడుగున్నర ఎడంలో దూలం కింద పోటీలు నిలబెట్టాలి. 5 అంగుళాల లావు జామాయిల్ కర్రలైనా, ఇనుప పోటీలైనా సరే. మట్టి నేల కుంగుతుంది కాబట్టి ప్రతి పోటీ కింద రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న పలక వేయాలి. దూలానికీ పోటీకీ నడుమ మెత్తని చెక్క ముక్క పెడితే చెక్కడం నలగదు.

ఒక పోటీ కింద 5 టన్నుల బాటిల్ జాకీ చాలు. కంబం కాలు దిమ్మె మీద నుంచి వదులై, పోస్టుకార్డు దూరేంత సందు రాగానే ఆపేయాలి. లేచింది కదా అని ఇంకో అంగుళం లేపితే పక్క కంబాల కుసులు విరుగుతాయి. ఇల్లే ఒక మూలకు కుంగి ఉండి, నిజంగానే లేపాల్సి వస్తే రోజుకు మూడు మిల్లీమీటర్లకు మించొద్దు. లేపిన ప్రతిసారీ చీలలు, గోడ మూలలు చూసుకోవాలి. జాకీ మీద ఉన్న దూలం కింద పోటీ లేకుండా ఎవరూ కూర్చుని పని చేయకూడదు. జాకీ లేపడానికే, రాత్రంతా మోయడానికి కాదు.

ఇక కోత. కుళ్లు కనిపించే గీత కాడ కోస్తే కొద్ది రోజులకు అదే కుళ్లు పైకి పాకుతుంది. గట్టి కట్టె మొదలైన చోటు నుంచి ఇంకో మూడు అంగుళాలు పైకి పోయి కోయాలి. అతుకు పొడవు కంబం లావుకు మూడింతలు ఉండాలి. అంటే 6 అంగుళాల కంబానికి 18 అంగుళాలు. పాత కంబంలో సగం మందం, కొత్త కాలులో సగం మందం చెక్కి ఒకదానితో ఒకటి కలిపితే బరువు నేరుగా కిందికి దిగుతుంది. బయటికి కనిపించే అతుకు అంచు లోపలి నుంచి బయటికి వాలుగా ఉండాలి. అడ్డంగా మట్టంగా కోస్తే వాన జల్లు ఆ సందులోకే పోతుంది.

కొత్త ముక్క టేకు చేవ అయి ఉండాలి. అంచున లేత రంగులో ఉండే తెల్లకట్టె ఒక్క వేలెడంత ఉన్నా చెక్కి తీసేయాలి, చెదలూ పురుగూ మొదట పట్టేది దాన్నే. టేకు దొరక్కపోతే బాగా ఆరిన నల్లమద్ది వాడొచ్చు. పచ్చి కట్టె మాత్రం ఎంత మంచి జాతిదైనా వద్దు. ఆరే కొద్దీ అది ముడుచుకుని అతుకు నోరు తెరుస్తుంది.

బిగింపుకు 12 మిల్లీమీటర్ల జింకు పూత బోల్టులు రెండు, పెద్ద వాషర్లతో. రెండూ ఒకే ఈనె మీద పడకుండా కొంచెం అటూ ఇటూ వేయాలి, లేకపోతే ఆ గీత వెంట కట్టె చీలుతుంది. పాత పద్ధతిలోనే పోవాలంటే తుమ్మ చీలలు దిగ్గొట్టండి. చీల కంబం కన్నా బాగా ఎండి ఉండాలి, గాలిలో తేమ తగిలి ఉబ్బినప్పుడే అది పట్టు బిగిస్తుంది. జిగురు ఒక్కదాన్నే నమ్మొద్దు.

కాలు కింద దిమ్మె నేల కన్నా కనీసం 6 అంగుళాలు ఎత్తుండాలి, పైభాగం నడుమ కొంచెం ఉబ్బుగా ఉండి నీళ్లు నిలవకూడదు. దిమ్మెలో గుంట తొలిచి కంబం కుసి దించిన ఇళ్లలో ఆ గుంటే నీళ్ల తొట్టి అవుతుంది. గుంట అంచు నుంచి బయటికి వేలు వెడల్పు గాడి చెక్కితే నీళ్లు పోతాయి. రాయికీ కట్టెకూ నడుమ సీసం రేకు గానీ తారు షీటు గానీ వేయాలి. దాన్ని కంబం అడుగు కన్నా చుట్టూ పావు అంగుళం చిన్నగా కత్తిరించాలి. బయటికి పొడుచుకు వస్తే వాన నీటిని అదే పట్టి లోపలికి పంపుతుంది. కంబం కింది అడుగంతా తారు పూసేయడం మన దగ్గర బాగా అలవాటైన పని. అది నీళ్లను ఆపదు, లోపలి తేమను బయటికి పోనివ్వదు.

దించేటప్పుడు జాకీని మెల్లగా వదలండి. నెల తర్వాత బోల్టులు మరోసారి బిగించాలి.

భూమిలో పాతిన గుంజల ఇళ్లలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పాతిన భాగం కుళ్లిందని కోసేసి గుంజను రాయి మీద నిలబెడితే కుళ్లు ఆగుతుంది గానీ ఇల్లు ఊగుతుంది. గాలికి నిలబెట్టేది ఆ పాతిన రెండు అడుగులే. కాబట్టి గుంజకూ దూలానికీ నడుమ రెండు వైపులా రెండడుగుల ఏటవాలు కర్రలు బిగించాకే పాతిన భాగం తీయాలి. పాతే ఉంచాలనుకుంటే గుంట అడుగున అర అడుగు కంకర, చుట్టూ కంకర, పైన గట్టిగా దిమ్మిస చేసిన మొరం. గుంటలో కాంక్రీటు పోయొద్దు.

గోడలో దూరిన దూలం కొస

మట్టిగోడలో దూలం చుట్టూ బిగుతుగా మట్టి పెట్టి, పైన సిమెంటు గిలాబు (పూత) చేస్తే ఆ కొసకు గాలి ఆడదు. మెల్లగా చుట్టూ మట్టి తొలిచి చూడండి. పైపైన మెత్తబడి ఉంటే గీకి తీసేసి, ఆరనిచ్చి, కింద తడిక గోడల దగ్గర చెప్పిన వెలిగారం మందు పూసి, రెండు పక్కలా, పైనా అంగుళం సందు వదిలి మూయాలి. దూలం కూర్చునే చోట మట్టి ఉండకూడదు, అంగుళన్నర మందం రాతి పలక పెట్టాలి.

కొస అడుగు మేర పోయి ఉంటే ఇనుప పట్టీలు, బోల్టులు అని పెద్ద పని పెట్టుకోవడం కన్నా గోడకు ఆనించి లోపలివైపు ఒక కొత్త కంబం నిలబెట్టడం మేలు. చూపుకు కొంచెం అడ్డమే, కానీ పాత దూలం నిలుస్తుంది, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు. మేడ ఉన్న ఇల్లయినా, 15 అడుగులకు మించిన దూలమైనా ఇంజనీరు చూడకుండా చేయి పెట్టొద్దు.

కప్పు

గూన దించేటప్పుడు పరచి పెట్టకుండా నిలువుగా ఆనించి వరుసలు పెట్టండి. ప్రతిదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూడాలి, కంగుమన్నది ఉంచాలి, డొల్లగా పలికింది పక్కన పడేయాలి. గూన చేసే కుమ్మరి కుటుంబాలు తగ్గిపోయాయి. కూల్చేస్తున్న ఇళ్ల దగ్గర పాత గూన అడిగితే తేలిగ్గానే ఇస్తారు. కానీ కొలత మీ గూనతో కలవాలి. లావులో తేడా ఉన్నవి కలిపితే వరుస ఎగిరి దిగి వాన లోపలికి కొడుతుంది. వేరే కొలత గూన వచ్చిందంటే ఒక వాలు మొత్తం దానితోనే కప్పండి.

అడుగు వరుస గూన వెల్లకిలా, పై వరుస బోర్లా. నిలువులో ఒకదాని మీద ఒకటి మూడో వంతు ఎక్కాలి. వాలు అడ్డం 12 అంగుళాలకు ఎత్తు 6 నుంచి 7 అంగుళాలు ఉండాలి. దానికన్నా తక్కువైతే గాలివానకు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి, మరీ ఎక్కువైతే గూన జారుతుంది. వాసాలు కుంగి నడుమ గుంట పడితే అక్కడ గూన ఎంత సదిరినా కురుస్తూనే ఉంటుంది. ముందు వాసం పక్కన జోడు వాసం వేసి ఆ గుంట లేకుండా చేయాలి.

బెంగుళూరు పెంకు ఉన్న ఇళ్లకు కొత్త రీపర్లు (పెంకు ఆనే అడ్డ బద్దలు) కొట్టేటప్పుడు పుస్తకంలో లెక్క చూసి కొట్టొద్దు. మీ పెంకులు పది తీసుకుని ఒకదానికొకటి తగిలించి నేల మీద పరచి, మొత్తం కొలిచి సగటు తీయండి. మామూలుగా 12, 12½ అంగుళాల దగ్గర వస్తుంది. 100 చదరపు అడుగులకు 140 నుంచి 150 పెంకులు పడతాయి, పదో వంతు అదనంగా తెచ్చి పెట్టుకోవాలి. ఆ 100 అడుగుల పెంకు బరువు దాదాపు 400 కిలోలు. అదే కొలతకు నాలుగంగుళాల స్లాబు రెండు టన్నులు దాటుతుంది. పాత దూలాల మీదే స్లాబు పోసేద్దామని చెప్పే మేస్త్రీకి ఈ రెండంకెలూ చెప్పి పంపించండి.

భవంతి లోమూలలు నాలుగూ కురిసే చోట్లు. రెండు వాలుల నీళ్లు అక్కడే కలుస్తాయి. మూలవాసం మీద 18 అంగుళాల వెడల్పు జింకు రేకు వేసి, రెండు అంచులూ అంగుళం పైకి మడవాలి. రేకు మీద రేకు ఆరంగుళాలు ఎక్కాలి, వాలులో ఎగువన ఉన్న రేకు ఎప్పుడూ దిగువ రేకు మీదే ఉండాలి. రేకుకు నడిమధ్య మేకు కొట్టొద్దు, మడిచిన అంచు బయటే కొట్టాలి. పెంకు రేకు మీదికి రెండువైపులా నాలుగంగుళాలు వచ్చినా నడుమ అరచేతి వెడల్పు కాలువ మిగలాలి. ఆకులు చేరేదీ అక్కడే.

వెన్నుగాడి (కప్పు శిఖరాన పొడవునా పోయే దూలం) మీది పెంకులను సున్నం గచ్చులో కూర్చోబెట్టండి. ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్లు ఇసుక. సిమెంటుతో పెడితే ఎండకు పెంకు ఒకలా, సిమెంటు ఒకలా కదిలి సన్న పగులు వస్తుంది, ఆ పగులు నీళ్లు పీల్చి సరిగ్గా వెన్నుగాడి మీదే పోస్తుంది.

ఇక కోతులు. వరంగల్ చుట్టుపక్కల పెంకుటిళ్లు వదిలేయడానికి వానతో పాటు అవీ ఒక పెద్ద కారణం. ముళ్ల కంపలు వేస్తే కంపల్లో ఆకు చేరి గూన ఆరదు. పెంకు పైన వల బిగిస్తే కొంత ఆగుతాయి. బాగా పనిచేసేది పెంకు కింద సన్న జింకు రేకు. వాసాల మీద రేకు, రేకు మీద నిలువు బద్దలు, వాటి మీద అడ్డం రీపర్లు, పైన పెంకు. పెంకు పగిలినా నీళ్లు రేకు మీద నుంచి చూరు దాకా జారిపోతాయి. నిలువు బద్ద మానేసి రేకు మీద నేరుగా అడ్డం రీపరు కొడితే మాత్రం నీళ్లు ప్రతి రీపరు దగ్గరా నిలిచి, మేకు బెజ్జాల గుండా దిగుతాయి. రేకుకు అడుగున చెమట పడుతుంది కాబట్టి చూరు దగ్గర, వెన్ను దగ్గర గాలి పోయే సందు వదలాలి. ఈ ఏర్పాటు గూనకన్నా బెంగుళూరు పెంకుకే చక్కగా కుదురుతుంది.

గోడ గిలాబు, తడిక గోడ

మట్టిగోడ మీద సిమెంటు గిలాబు ఉంటే, కనీసం కంబాలకూ దూలాలకూ అడుగు దూరం వరకైనా కొట్టి తీసేయండి. బదులుగా ఇంటి గోడ మట్టి లాంటి మట్టినే తెచ్చి, సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి, వారం నానబెట్టి, రోజూ తొక్కి వాడాలి. ఆరాక వేలు దూరేంత నెర్రెలు వస్తే బంకమట్టి ఎక్కువైంది, ఇసుక కలపాలి. చేయి రుద్దితే పొడి రాలితే ఇసుక ఎక్కువైంది. రెండు పూతలు, ఒక్కోటీ అర అంగుళానికి మించకుండా. పైన సున్నం కొట్టండి. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

తడిక గోడలకు మూడేళ్లు దాటిన కంక కావాలి. వానలు వెళ్లాక చలికాలంలో నరికిన దాంట్లో తీపి తక్కువ, పురుగు తక్కువ పడుతుంది. చీల్చిన కంకను 100 లీటర్ల నీళ్లలో 3 కిలోల వెలిగారం (బోరాక్స్), 2 కిలోల బోరిక్ యాసిడ్ పొడి కరిగించి ఐదు నుంచి ఏడు రోజులు నానబెట్టి, నీడలో ఆరబెట్టి అల్లించుకోవాలి. కరగకపోతే కొంత నీళ్లు వేడి చేసి కలపండి. ఈ మందు వాన తగిలితే కడుక్కుపోతుంది, అందుకే చూరు తడికకు రెండడుగులైనా ముందుకు ఉండాలి. పిల్లలు, పశువులు నానబెట్టిన తొట్టి దగ్గరికి రాకుండా చూసుకోవాలి.

చెదలు, పొట్టు పురుగు

రెండూ వేరు, మందూ వేరు. చెదలు భూమిలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. పొట్టు పురుగు కట్టెలోనే ఉండి సన్న బెజ్జాల నుంచి పిండి లాంటి పొట్టు రాలుస్తుంది, తెల్లకట్టెనూ కంకనూ తింటుంది.

చెద గొట్టం కనిపించగానే అంతా తుడిచేయొద్దు. రెండంగుళాలు విరిచి మూడు రోజులు ఆగండి. మళ్లీ కట్టుకుంటే లోపల బతికే ఉన్నాయి. అప్పుడు గోడ, నేల కలిసే గీత వెంట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు కింది మట్టి తగిలేదాకా వేసి, ఒక్కోదాంట్లో లీటరు మందు నీళ్లు పట్టించాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు అయితే లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు. చేతికి తొడుగు, మూతికి మాస్కు ఉండాలి. తాగునీటి బావికి, బోరుకు 20 అడుగుల లోపు ఈ మందు పోయొద్దు. లైసెన్సు ఉన్న మనిషితో చేయించడం మంచిది. మందు పోశాక కూడా గోడ పాదం తడిగా ఉంటే కొన్నాళ్లకు మళ్లీ వస్తాయి.

పొట్టు పురుగుకు పైన చెప్పిన వెలిగారం నీళ్లే కట్టెకు మూడు పూతలు, ఒకటి ఆరాక ఒకటి. రంగు లేని కట్టెకే అది లోపలికి ఇంకుతుంది. ఒకప్పుడు ఇంట్లో కట్టెల పొయ్యి పొగ రోజూ వాసాలకు తగిలేది, పురుగు పట్టేది కాదు. గ్యాసు వచ్చాక ఆ కాపలా పోయింది. కాబట్టి అటక మీద వాసాలకు రెండు మూడేళ్లకోసారి ఈ పూత తప్పదు.

పైపూత

దర్వాజల మీద పొరలు పొరలుగా పేరుకున్న ఎనామిల్ రంగు కింద చెక్కడం మూసుకుపోయి ఉంటుంది. మంట పెట్టి, కాస్టిక్ సోడా పెట్టి తీయొద్దు. మంటకు అంచులు మాడతాయి, సోడా ఈనెను లేపేస్తుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దకుండా రంగు తీసే ద్రవం రాసి, చెక్క పుల్లతో, సన్న గీకుడు కత్తితో ఓపిగ్గా తీయాలి.

తర్వాత కాచిన అవిసె నూనె. మొదటి పూతకు నూనె, టర్పెంటైన్ సమానంగా కలపండి, ఇరవై నిమిషాలు ఆగి ఇంకని నూనెను గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. ఒకరోజు ఆగి రెండో పూత. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండ దానంతట అదే అంటుకుని ఇల్లు కాలుతుంది. నీళ్లలో ముంచి, బయట పరచి ఆరేయాలి. ఆముదం, పల్లి నూనె ఆరవు, వాడొద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసిన కట్టెకు మళ్లీ ఏ పూతా అంటదు, పైగా నిప్పుకు భయం. ఎండా వానా తగిలే దర్వాజకు నూనె ఏటా పూయాలి, లోపలి కంబాలకు ఐదేళ్లకోసారి చాలు.

కట్టె తెచ్చుకోవడం

కొత్త టేకు కన్నా కూల్చిన ఇళ్ల పాత టేకు మేలు. ఎప్పుడో ఆరిపోయింది, ఇక ముడుచుకోదు. కొనేముందు తెల్లకట్టె అంచులు, బెజ్జాలు, మేకులు చూడండి. రంపం కింద ఒక పాత మేకు పడితే బ్లేడు పోతుంది. పాతదైనా సరే, టేకు దూలాన్ని లారీ ఎక్కించే ముందు దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసులో రవాణా అనుమతి సంగతి అడిగి, ఎవరి ఇంటి నుంచి తీసిందో కాగితం రాయించుకోండి. దారిలో ఆపితే ఆ కాగితమే చూపించాలి. మీ సొంత పొలంలో టేకు చెట్టైనా నరికే ముందు అనుమతి కావాలి.

ఏటా చేసే పని

మే నెలలో లోమూల కాలువల్లో ఆకులు తీయాలి, జారిన గూన సదరాలి, మోరీలో గడ్డపార ఆడించి చూడాలి. పెంకు మీద నడిచే మనిషి వాసం పైనే అడుగు పెట్టాలి, నిచ్చెనను పెంకు మీద పడుకోబెట్టి దాని మీద నడిస్తే ఇంకా మంచిది. మొదటి వాన పడ్డ మర్నాడు టార్చి వేసి నాలుగు మూలవాసాలు, కంబాల కాళ్లు, దూలం కొసలు ఒకసారి చూడండి. పోయిన ఏడాది చాక్‌పీసు గుర్తుల పక్కన కొత్త తడి కనిపిస్తే ఆ వారంలోనే గూన మార్చాలి. తాళం వేసి పట్నంలో ఉండేవాళ్లు ఈ పనికి ఊళ్లో ఒకరిని మాట్లాడుకుని, నెలకోసారి తలుపులు కిటికీలు తీయించి ఇంటికి గాలి ఆడించాలి.